అన్నం దగ్గర ఆరాలు

గత సంచికలో పిల్లల కాలేజీ అప్లికేషన్ల గురించి, వాటి వెనక తల్లిదండ్రులు పడే పాట్ల గురించి రాశాను. చాలామంది ఫోన్ చేసి "మా ఇంట్లోనూ ఇదే గోలండీ" అన్నారు. ఆ గోలలో ఒక ముఖ్యమైన భాగం 'సర్వీస్ అవర్స్'. హైస్కూల్లో పిల్లలు ఇన్ని గంటలు సేవ చేయాలి, దానికో కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. సేవకి టైమ్ షీట్ ఏమిటని నేను మొదట్లో నవ్వేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం టైమ్ షీట్ నింపి బతుకుతున్న కన్సల్టెంట్‌ని నేను, నాకు నవ్వే హక్కు లేదనుకోండి.

ఆ గంటల కోసమే రెండేళ్ళ క్రితం ఒక శనివారం ఉదయం మా అమ్మాయిని ప్లేనోలో ఉన్న నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంకుకి తీసుకెళ్ళాను. దింపేసి, కాఫీ తాగుతూ లాప్‌టాప్ తెరుద్దామని నా ప్లాను. "నాన్నా, నువ్వు కూడా రా, ఊరికే కూర్చుంటే బాగోదు" అని లోపలికి లాక్కెళ్ళింది. అప్పటినుంచి నెలకి రెండు శనివారాలు వెళ్తున్నాం. దానికి కావలసిన గంటలు ఎప్పుడో పూర్తయ్యాయి.

వెళ్ళకముందు ఫుడ్ బ్యాంకు అంటే నా ఊహ వేరు. మాది కోనసీమ. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) గోదావరి దాటి వచ్చిన బాటసారులకి వేళాపాళా లేకుండా వండి పెట్టిన కథలు మా మామ్మ నోట వింటూ పెరిగాను. కాబట్టి ఇక్కడా పెద్ద గుండిగలు, గరిటెలు, బంతులు ఉంటాయనుకున్నాను. లోపలికి వెళ్తే పొయ్యి కాదు కదా, కనుచూపు మేర గిడ్డంగి! ఆకాశాన్నంటే ర్యాకులు, వాటి మీద పాలెట్లు, మధ్యలో తిరిగే ఫోర్క్‌లిఫ్టులు, ఒక పక్క వణికించే కూలర్లు. నా ఉద్యోగంలో ఇలాంటి గిడ్డంగులకి ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్ రాశాను. అందుకే రెండో నిమిషంలోనే అర్థమైంది: ఇది అన్నదాన సత్రం కాదు, సప్లయ్ చెయిన్.

గిడ్డంగిలో ఏం జరుగుతుంది?

పిల్లలూ, ఈ భాగం మీ కోసం. ఫుడ్ బ్యాంకు ఆకలిగా ఉన్నవాళ్ళకి నేరుగా వడ్డించడం తక్కువ. సూపర్ మార్కెట్లలో అమ్ముడుపోని సరుకు, కంపెనీల దగ్గర లేబుల్ తప్పుపడి మిగిలిపోయిన డబ్బాలు, రైతుల దగ్గర వంకరగా పండినందుకు ఎవరూ కొనని కూరగాయలు, ప్రభుత్వ వ్యవసాయ శాఖ కొని పంపే సరుకు, విరాళాల డబ్బుతో కొన్నది, అన్నీ ఇక్కడికి చేరతాయి. ఇక్కడ తూచి, ఏరి, పెట్టెల్లో సర్ది, చర్చిలు, బడులు, స్వచ్ఛంద సంస్థలు నడిపే చిన్న చిన్న పాంట్రీలకి పంపిస్తారు. మా ఫుడ్ బ్యాంకు డాలస్, కాలిన్, డెంటన్ వంటి కౌంటీలకి ఇలా పంచుతుంది. ఫుడ్ బ్యాంకు హోల్‌సేల్ దుకాణమైతే, పాంట్రీ మీ వీధి చివర కిరాణా కొట్టు అనుకోండి. సుమారు 1.2 పౌండ్ల సరుకుని ఒక పూట భోజనంగా లెక్క కడతారు.

ఏరడంలో చాలా నేర్చుకున్నాం. డబ్బాకి పక్కన చిన్న సొట్ట ఉంటే పరవాలేదు. అంచు మీద, అతుకు మీద సొట్ట ఉన్నా, మూత ఉబ్బినా పారేయాలి. 'బెస్ట్ బై' తేదీ దాటిందంటే పాడైపోయిందని కాదు, రుచి కాస్త తగ్గవచ్చని తయారుచేసినవాడు చెప్పే మాట. పసిపిల్లల ఫార్ములా డబ్బా మాత్రం మినహాయింపు, దాని తేదీ దాటితే వాడకూడదు. ఇంట్లో చేసినవి తీసుకోరు. ఆ మధ్య మన వాళ్ళ ఫుడ్ డ్రైవ్‌లో ఒక పెద్దావిడ ఎంతో ప్రేమగా రెండు సీసాల ఆవకాయ ఇచ్చారు. ఫుడ్ బ్యాంకుకి చేర్చడం కుదరలేదు. ఆ సీసాలు ఏమయ్యాయో నన్ను అడగొద్దు.

పాడుబడ్డ బేకరీలో పుట్టిన ఆలోచన

ఈ 'బ్యాంకు' అన్న మాట 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో పుట్టింది. జాన్ వాన్ హెంగెల్ అనే రిటైరైన వ్యాపారి చర్చి వంటశాలలో సాయం చేస్తుండేవారు. దుకాణాల వెనక చెత్తడబ్బాల్లో వెతుక్కుని పిల్లల్ని పోషిస్తున్న ఒక తల్లి, మిగిలినవి పారేయకుండా దాచిపెట్టి, కావలసినవాళ్ళు తీసుకునే బ్యాంకు లాంటిదొకటి ఉంటే బాగుంటుందని ఆయనతో అన్నదట. చర్చి ఒక పాడుబడ్డ బేకరీని, 3,000 డాలర్లని ఇచ్చింది. అలా మొదలైన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు మొదటి ఏడాదే 2,75,000 పౌండ్ల సరుకు పంచింది. ఆ ఆలోచన ఊరూరా పాకి, 1979లో జాతీయ సంస్థ అయింది. అదే 2008 నుంచి 'ఫీడింగ్ అమెరికా' పేరుతో నడుస్తోంది. దాని కింద ఇప్పుడు సుమారు 200 ఫుడ్ బ్యాంకులు ఉన్నాయి. మా నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంకు 1982లో మొదలైంది. ఇచ్చినవాళ్ళ మీద కేసులు పడతాయన్న భయం పోగొట్టడానికి 1996లో ఒక చట్టం కూడా చేశారు. మంచి ఉద్దేశంతో, తగిన జాగ్రత్తతో ఆహారం దానం చేసినవాళ్ళకి అది రక్షణ.

నా వృత్తి వల్ల నాకు బాగా నచ్చిన భాగం ఒకటి ఉంది. ఒకప్పుడు జాతీయ సంస్థ సరుకుని వరస ప్రకారం పంచేది. నీ వంతు వచ్చినప్పుడు ఏ లారీ ఉంటే అది తీసుకోవాలి. బంగాళదుంపలు పండే ఊరికి మళ్ళీ బంగాళదుంపలే వస్తే ఏం చేసుకోను? 2005లో ఈ పద్ధతి మార్చేశారు. కానిస్ ప్రెండర్‌గాస్ట్ వంటి షికాగో విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు, ఫుడ్ బ్యాంకులు నడిపేవాళ్ళు కూర్చుని ఒక వేలం తయారుచేశారు. మన ఐపీఎల్ వేలం లాంటిదే, కాకపోతే డబ్బుతో కాదు, 'షేర్లు' అనే ఉత్తుత్తి డబ్బుతో. ఎవరి ప్రాంతంలో పేదరికం ఎక్కువో వాళ్ళకి ఎక్కువ షేర్లు. ఖర్చయిన షేర్లు మళ్ళీ అందరికీ పంచుతారు. దాంతో వేరుశనగ వెన్న, సీరియల్ లాంటి నిలవ ఉండే సరుకు ఖరీదైపోయింది, త్వరగా వాడిపోయే కూరగాయలు కారుచౌక అయ్యాయి. ఎవరికి ఏది కొరతో వాళ్ళే చెప్పుకోగలిగారు. పేదవాడికి ఏం కావాలో పైనున్నవాడు ఊహించడం కంటే, అడగనివ్వడం మేలని తేలింది.

ఇంత చక్కటి వ్యవస్థ ఉండీ ఆకలి ఎందుకుంది? 2023లో అమెరికాలో 13.5 శాతం కుటుంబాలకి, అంటే 4 కోట్ల 74 లక్షల మంది ఉన్న ఇళ్ళకి, ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తగినంత తిండి కొనుక్కునే స్తోమత కొరవడిందని వ్యవసాయ శాఖ లెక్క. 2020 నవంబరులో కోవిడ్ రోజుల్లో డాలస్ ఫెయిర్ పార్కులో మా ఫుడ్ బ్యాంకు ఒక్కరోజే సుమారు 25 వేల మందికి సరిపడా సరుకు పంచింది. ఆ కార్ల బారుల ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ బారుల్లో మంచి మంచి కార్లున్నాయి. కారు నిన్నటి జీతంతో కొన్నది. ఆకలి ఈ రోజుది.

నేను చేసిన తప్పు

ఇక అసలు సంగతి. 2025 నవంబరులో ఒక శనివారం. అక్టోబరు 1న మొదలైన ఫెడరల్ ప్రభుత్వ షట్‌డౌన్ వల్ల ఆ నెల 'స్నాప్' డబ్బు, అంటే మనం ఫుడ్ స్టాంపులనే సాయం, సమయానికి రాక దేశమంతా పాంట్రీల దగ్గర వరసలు పెరిగాయి. మమ్మల్ని గిడ్డంగిలో కాకుండా ఒక స్కూలు పార్కింగ్ లాట్‌లో మొబైల్ పాంట్రీకి వేశారు. కార్లు వరసగా వస్తాయి, డిక్కీ తెరుస్తారు, మనం పెట్టె పెడతాం, వెళ్ళిపోతారు. ఒక్కో కారుకి నిమిషం కూడా పట్టదు.

పదకొండు గంటలప్పుడు ఒక పాత కామ్రీ వచ్చింది. డాష్‌బోర్డు మీద చిన్న వినాయకుడు, అద్దానికి ఎండిపోయిన మామిడాకు. నడుపుతున్నావిడకి ముప్ఫై ఏళ్ళుంటాయి, వెనక సీట్లో చిన్నబాబు. వాడితో ఏదో తెలుగులో అంటోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పెట్టె చేతిలో పట్టుకునే, నవ్వు మొహంతో అడిగాను:

"మనది ఏ ఊరండీ?"

ఆవిడ మొహంలో రంగు మారింది. ఒక్క క్షణం నా వైపు, నా మెడలో వలంటీర్ బ్యాడ్జి మీద పేరు వైపు చూసింది. "సారీ అండీ, తప్పు లైన్లోకి వచ్చాం," అంది. నేను ఏదో అనేలోపు డిక్కీ మూసుకుంది, కారు పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. పెట్టె నా చేతిలోనే ఉంది.

తప్పు లైన్లోకి రాలేదని నాకు తెలుసు. ఆ వరసలో ఆవిడ కనీసం గంటసేపు ఉండి ఉంటుంది.

పక్కనే ఉన్న మా అమ్మాయి అంతా చూసింది. "నాన్నా, ఎందుకు అడిగావు?" అంది. తెలుగువాళ్ళు కనిపిస్తే అడుగుతాం కదమ్మా అన్నాను. అన్నానే గాని, మా మామ్మ మాట చెంప మీద కొట్టినట్టు గుర్తొచ్చింది. పెరట్లో ఎవరైనా వచ్చి అరుగు మీద కూర్చుంటే, నేను చిన్నతనం కొద్దీ "ఎవరు మీరు? ఎక్కణ్ణుంచి?" అని అడిగేవాణ్ణి. మామ్మ గట్టిగా కసిరేది: "అన్నం దగ్గర ఆరాలు తీయకూడదురా. ముందు విస్తరి వెయ్యి."

పెళ్ళిలో, గుడిలో, ఎయిర్‌పోర్టులో "మనది ఏ ఊరు" అంటే ఆప్యాయత. ఆ వరసలో మాత్రం అది ఆరా. ఊరు చెబితే ఇంటి పేరు, ఇంటి పేరు చెబితే ఎవరి తాలూకు, సాయంత్రానికి వాట్సాప్‌లో... ఆవిడ భయపడింది నాకు కాదు, మనందరికీ.

2009లో ఒక మధ్యాహ్నం

ఆ రాత్రి మా అమ్మాయికి ఒక కథ చెప్పాను. మా ఆవిడకి కూడా అది పూర్తిగా తెలియదు.

2009 వసంతంలో మేం వేరే రాష్ట్రంలో ఉండేవాళ్ళం. ప్రాజెక్టు అర్ధాంతరంగా ఆగిపోయింది. అప్పటి నా కన్సల్టింగ్ కంపెనీ 'బెంచ్' మీద కూర్చోబెట్టి జీతం ఆపేసింది. మా అమ్మాయికి ఎనిమిది నెలలు. ఇంటి అద్దె, ఫార్ములా డబ్బాలు పోను మిగిలింది లెక్క పెట్టుకునేవాళ్ళం. రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ "నాకు ఆకలిగా లేదండీ, మధ్యాహ్నం ఎక్కువ తిన్నాను" అనేది. రోజూ అదే మాట. నమ్మినట్టు నేనూ తలూపేవాణ్ణి.

మా అపార్టుమెంటుకి రెండు మైళ్ళలో ఒక చర్చి పాంట్రీ ఉండేది. ఒకరోజు ధైర్యం చేసి వెళ్ళాను. కారులో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మాస్టర్స్ చేసినవాణ్ణి, ఊళ్ళో నాన్నగారు "మావాడు అమెరికాలో" అని చెప్పుకుంటారు. తెలిసినవాళ్ళెవరైనా చూస్తే? దిగకుండానే వెనక్కి వచ్చేశాను. ఇంటికొచ్చి "మూసేశారు" అని చెప్పాను. ఆ వేళ పాంట్రీ తలుపు బార్లా తెరిచే ఉంది.

మరో అయిదు వారాలకి కొత్త ప్రాజెక్టు దొరికింది. అందరికీ దొరకదు.

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. "అయితే అమ్మ నిజంగానే తినలేదా?" అని మాత్రం అడిగింది. వంటింట్లోంచి అన్నీ వింటూనే ఉన్న మా ఆవిడ "తలుపు తెరిచే ఉందా?" అంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు పదహారేళ్ళు పట్టింది.

చివరి మైలు

సప్లయ్ చెయిన్‌లో అన్నిటికంటే కష్టమైనది 'చివరి మైలు' అంటారు. గిడ్డంగి, వేలం, లారీలు, కూలర్లు, అన్నీ దాటి సరుకు ఆ పార్కింగ్ లాట్ దాకా వచ్చింది. ఆఖరి మూడడుగులు నా ప్రశ్న వల్ల ఆగిపోయింది. మిగతాదంతా ఫుడ్ బ్యాంకు చూసుకుంటుంది. ఈ మూడడుగులు మన చేతిలో ఉన్నాయి.

మన వాళ్ళు సాయం చేయడంలో వెనకాడరు. 2017లో మా డాలస్ ప్రాంతంలోనే భారతీయ అమెరికన్లు మొదలుపెట్టిన 'హంగర్ మిటావో' ఉద్యమం ఇప్పుడు ఇతర నగరాలకీ విస్తరించింది. మన సంఘం కూడా ఏటా ఫుడ్ డ్రైవ్ చేస్తుంది, ఫొటోలు ఇదే పత్రికలో వేసుకుంటాం. అందులో తప్పు లేదు. కాని ఒక్కటి గమనించాను: ఎక్కడ ఇవ్వాలో ప్రతిసారీ అచ్చు వేస్తాం, ఎక్కడ తీసుకోవచ్చో ఒక్కసారీ వేయలేదు. మనలో ఎవరికీ అవసరం రాదన్నట్టు.

వస్తుంది. హెచ్1బి, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్ళకి స్నాప్ సాయం అందదు. ఉద్యోగం పోయిన కుటుంబానికి, పార్ట్‌టైమ్ పని దొరకని విద్యార్థికి పాంట్రీయే దిక్కు. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల కోసమే పాంట్రీలు ఉన్నాయి. మామూలుగా పాంట్రీల్లో పేరు, చిరునామా, ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఎంత అన్నవి అడిగి, మీరు చెప్పినదే రాసుకుంటారు. ఎక్కడుందో తెలియకపోతే అమెరికాలో 211కి ఫోన్ చేస్తే దగ్గరలోని పాంట్రీ చెబుతారు. ఈ నాలుగు వాక్యాలు ఇకమీదట ప్రతి సంచికలో ఒక మూల వేయమని సంపాదకులని కోరాను, ఒప్పుకున్నారు.

ఇవ్వగలిగినవాళ్ళకి రెండు మాటలు. దీపావళికి ఒకసారి డబ్బాలు కుప్పగా పోయడం కంటే నెలనెలా కొంచెం డబ్బు మేలు. ఏది కొరతగా ఉందో అది టోకున కొనుక్కునే వీలు వాళ్ళకి ఉంటుంది. సరుకే ఇవ్వాలనుకుంటే కందిపప్పు, బియ్యం కూడా ఇవ్వండి, కంపెనీ ప్యాకెట్ విప్పకుండా, ఇంగ్లీషులో లేబుల్ ఉన్నవి. ఇంకొకటి: ఫుడ్ బ్యాంకులు ఒక పూట భోజనం ఇస్తే, స్నాప్ తొమ్మిది పూటలు ఇస్తుందని ఫీడింగ్ అమెరికా చెబుతుంది. 2025 నవంబరులో ఆ వరసలు చూసినవాడిగా దాని అర్థం నాకు తెలిసింది. ఆకలి తీర్చడం శనివారం వలంటీర్ల వల్ల మాత్రమే అయ్యే పని కాదు. ఓటు హక్కు ఉన్నవాళ్ళు ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పిల్లలూ, మీకొక పని. చాలా బడుల్లో శుక్రవారం సాయంత్రం కొంతమంది పిల్లలకి వారాంతానికి సరిపడా తిండి సంచిలో పెట్టి పంపుతారు. శనివారం, ఆదివారం బడి భోజనం ఉండదు కదా. మీ క్లాసులో ఎవరి చేతిలోనైనా అలాంటి సంచి కనిపిస్తే, అందులో ఏముందని అడగకండి. సోమవారం ఆటకి పిలవండి.

ఆ రోజు తర్వాత మేం మానేయలేదు. తెలుగు మాట వినపడితే ఇప్పుడు నేను మాట్లాడను, పెట్టె పెట్టి, డిక్కీ మెల్లగా మూసి, చెయ్యి ఊపుతాను. కామ్రీ మళ్ళీ కనపడలేదు.

అమ్మా, ఈ పత్రిక మీ ఇంటికి వస్తుందో లేదో నాకు తెలియదు. వస్తే ఒక్క మాట. మీరు తప్పు లైన్లోకి రాలేదు. తప్పు మాట నాది. మొబైల్ పాంట్రీ మళ్ళీ వస్తుంది. నేనక్కడ ఉన్నా, మిమ్మల్ని ఏ ఊరని అడగను.

వచ్చే సంచికలో కలుద్దాం.